వావివరుసలే దస్త్రము
(శ్రీ హైమన్‌డార్ఫ్ జీవితచరిత్ర)

పరదేశములనుండి వచ్చి మన రాజుల చరిత్రలను వ్రాసినవారు పెక్కురు కలరు. గుళ్ళను, గోపురములను, శాసనములను పరిశోధించినవారును కలరు. కాని గుడియు, కోటయు, శాసనమును లేని జనుల నడుమ కూర్చుండి, ఎవరు ఎవరికి ఏమగుదురో, ఎవరు ఎవరిని పెండ్లాడవచ్చునో, భర్త గతించిన స్త్రీకి మరల సంసారము కలదో లేదో ఓపికతో అడిగి వ్రాసికొన్నవారు మిక్కిలి అరుదు. అట్టి అరుదైన విద్వాంసులలో క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఒకడు. ఆయన పేరు వినగానే ఆదిలాబాదు గోండులు జ్ఞప్తికి వచ్చుట లోకమున పరిపాటి. అయితే హైదరాబాదు రాజ్యములో ఆయన పరిశోధనకు శ్రీకారము చుట్టినది మన పాలమూరు జిల్లా అమ్రాబాదు కొండలమీదనే యను సంగతి మనలో చాలమంది యెరుగరు. ఆ కొండలు 2016వ సంవత్సరము నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినను, పాలమూరు నల్లగొండ సీమల వారికి నల్లమల యెప్పుడును ఇరుగుపొరుగే. కావున ఆయన చరిత్ర మనము తెలిసికొనదగినది.

బాల్యము, విద్య

హైమన్‌డార్ఫ్ 1909వ సంవత్సరమున ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నా నగరములో ఒక ఉన్నత కుటుంబమున జన్మించెను. ఆ నగరపు విశ్వవిద్యాలయములో మానవశాస్త్రమును అభ్యసించి, అస్సాము, బర్మా సరిహద్దు కొండజాతుల సంఘవ్యవస్థలను పోల్చుచు వ్యాసము వ్రాసి, 1931లో డాక్టరు పట్టమును పొందెను. అప్పటికి ఆయన ఆ కొండలను కన్నులార చూచియుండలేదు. గ్రంథములలో చదివిన దానిని బట్టియే వ్రాసెను. పిమ్మట లండను నగరమునకు పోయి మాలినోవ్‌స్కీ అను మహాపండితుని గోష్ఠిలో పాల్గొనెను. ఒక జాతిని తెలిసికొనవలెనన్న వారి గుడిసెల మధ్య నివసింపవలెను, వారి భాష నేర్వవలెను, వారు తిన్నది తినవలెను అని ఆ పండితుడు బోధించుచుండెను. ఆ బోధ యువకుని మనస్సున నాటుకొనెను.

1936లో ఆయన నాగాకొండలకు వచ్చి, కొన్యాకు నాగుల మధ్య నివసించెను. అచ్చట పెండ్లియైన పడుచు మొదటి బిడ్డ పుట్టువరకు పుట్టినింటనే యుండును. బిడ్డ కలిగిన పిమ్మటనే అత్తవారింట కాపురమునకు పోవును. పెండ్లి యనగా ఒకనాటి తంతు కాదనియు, అది క్రమక్రమముగా ముడివడు రెండు ఇండ్ల ఒడంబడిక యనియు అచ్చటి బ్రతుకు ఆయనకు తెలిపెను. 1938లో ఆయన ఎలిజబెత్ బార్నార్డో అను ఆంగ్లయువతిని వివాహమాడెను. ఆమెను అందరును బెట్టీ యని పిలిచెడివారు. ఆనాటి నుండి భర్త పరిశోధనలన్నింటను ఆమెకు సగపాలు కలదు.

బందీ పొందిన స్వేచ్ఛ

1939లో ఆ దంపతులు మరల భారతదేశమునకు వచ్చిరి. ఇంతలో ఐరోపాలో రెండవ మహాయుద్ధము ప్రారంభమయ్యెను. అంతకు ముందు సంవత్సరమే జర్మనీ ఆస్ట్రియాను తనలో కలుపుకొన్నందున హైమన్‌డార్ఫ్ చేతనున్న పాస్‌పోర్టు జర్మనీది. కావున ఇంగ్లీషు ప్రభుత్వము ఆయనను శత్రుదేశీయుడని నిర్బంధించెను. అయితే ఆ నిర్బంధము చెరసాలలో కాక, హైదరాబాదు రాజ్యపు ఎల్లలకు లోబడి యుండవలెనను కట్టడిగా మారెను. నిజాము ప్రభుత్వము ఆయన పాండిత్యమును గుర్తించి, రాజ్యములోని అడవిజాతులను పరిశోధించుటకు అనుమతి నొసగెను. నాగాకొండలకు పోదలచిన వానిని కాలము నల్లమలకు చేర్చెను. 1940లో భార్యాభర్తలిరువురు అమ్రాబాదు పీఠభూమిమీద చెంచుల పెంటల మధ్య మకాము చేసిరి.

పెంట యనగా మన పల్లెలలో ఎరువుకుప్ప. చెంచులకు మాత్రము అది కాపురము. కొలది గుడిసెలు, ఒక నీటిచెలమ, చుట్టును అడవి, ఇంతే వారి ఊరు. ఇనుపమొన గల కర్రతో గడ్డలు త్రవ్వుకొని, ఇప్పపువ్వు ఏరుకొని, విల్లమ్ములతో వేటాడి, తేనె, బంక, సారపప్పు సంతలో మార్చుకొని వారు జీవించుచుండిరి. వారు మాటలాడునది తెలుగే. శ్రీశైల మల్లికార్జునుని వారు చెంచు మల్లయ్య యని పిలుచుకొందురు. ఆ దేవుడు తమ ఆడపడుచును చేపట్టినాడని వారి నమ్మకము. అహోబల నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడిన కథ తెలుగువారందరికి తెలిసినదే. దేవునితో సైతము వియ్యమందిన జాతి యిది. అయినను మైదానపు జనులు వారిని వావివరుస లెరుగని అడవిమనుషులని చులకన చేయుట కలదు. ఆ మాట అబద్ధమని ఋజువుచేసినది హైమన్‌డార్ఫ్ పరిశోధన.

వావివరుసలు

ఈ సందర్భమున ఒక విషయము వివరింపవలసియున్నది. వావివరుసలను శాస్త్రముగా మొదట ఆరంభించిన వాడు అమెరికా దేశీయుడగు లూయీ హెన్రీ మోర్గన్. ఆయన నానాదేశముల బంధువాచకములను సేకరించి 1871లో పెద్ద గ్రంథమును ప్రకటించెను. అందులో మన తెలుగును కలదు. మనము తండ్రి అన్నదమ్ములను పెదనాన్న, చిన్నాన్న యందుము. తల్లి అక్కచెల్లెండ్రను పెద్దమ్మ, చిన్నమ్మ యందుము. వారి బిడ్డలు మనకు తోబుట్టువులే. కాని తల్లి సోదరుడు మేనమామ. తండ్రి సోదరి మేనత్త. వారి బిడ్డలు బావలు, మరదండ్రు. అనగా ఎవరిని పెండ్లాడవచ్చునో, ఎవరిని కూడదో మన పిలుపులలోనే ఇమిడియున్నది. అమెరికాలోని ఇరోక్వా జాతివారు సైతము ఇట్లే పిలుచుదురని కని మోర్గన్ ఆశ్చర్యపడెను. అయితే ఆయన 1877లో వ్రాసిన మరియొక గ్రంథములో, ఆదికాలపు మనుష్యులలో వివాహనియమమే లేకుండెనని ఊహించెను. అది ఊహయే కాని కన్నులార చూచినది కాదు.

వ్యవసాయము లేని, పశువుల మంద లేని, గడ్డలు త్రవ్వుకొని బ్రతుకు చెంచులలో హైమన్‌డార్ఫ్ చూచినది దీనికి విరుద్ధము. వారికి ఇంటిపేర్లు కలవు. నిమ్మల, చిగుర్ల, తోకల, కాట్రాజు, మండ్లి మొదలగునవి వారి ఇంటిపేర్లు. ఒకే ఇంటిపేరు గలవారు పెండ్లాడరు. వేరువేరు ఇంటిపేర్లు గల కొన్ని కుదుళ్ళు తమలో తాము అన్నదమ్ముల వరుస యని యెంచి వియ్యమందరు. మేనరికమునకు ప్రాధాన్యము కలదు. అర్జునుడు సుభద్రను చేపట్టినది ఈ వరుసననే. ఆమె మేనమామ వసుదేవుని కూతురు. బౌధాయనుడు ఈ మేనరికమును దక్షిణదేశపు ఆచారములలో ఒకటిగా పేర్కొనెను. కావున వేదవేదాంగములు చదివిన ఇండ్లలోని వరుసయు, నల్లమలలోని గుడిసెల వరుసయు ఒక్కటే. తేడా యెల్ల గుడిసెకును మేడకును మాత్రమే.

ఆ వరుసలు వట్టి పిలుపులు కావు. చెంచులలో ప్రసిద్ధమైన ఆచార మొకటి దీనికి చక్కని నిదర్శనము. కొండచరియకు వ్రేలాడు తేనెపట్టును తీయుటకు మనిషి త్రాటిపై దిగునప్పుడు, పైన త్రాటిని పట్టుకొను బాధ్యత బావమరిదిది. తన తోబుట్టువు పసుపుకుంకుమలకు చేటు కలుగునను భయముచేత బావమరిది పట్టు విడువడని వారి విశ్వాసము. ఒక మనిషి ప్రాణము వరుసను నమ్మి గాలిలో వ్రేలాడును.

స్త్రీల స్థితి

హైమన్‌డార్ఫ్ చెంచు సంఘములో ముఖ్యముగా గుర్తించినది భార్యాభర్తల సమానత్వము. అచ్చట సంఘమునకు మూలస్తంభము పెద్ద కుటుంబము కాదు; భర్త, భార్య, బిడ్డలు గల చిన్న కాపురము. అడవిలో స్త్రీ తాను త్రవ్విన గడ్డను తానే ఇంటికి తెచ్చును. ఇంటి కూటికి ఆమె చేయి పురుషుని చేతికి తీసిపోదు. ఆమె సొత్తు ఆమెది. కాపురము పొసగనిచో ఆమె విడిపోవచ్చును. భర్త గతించినచో మారుమనువు చేసికొనవచ్చును. దానికి నింద లేదు. విధవావివాహము చట్టసమ్మతమగుటకు మన దేశమున 1856 దాక వేచియుండవలసి వచ్చెను. తెలుగుదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించినపుడు ఎన్ని నిందలు పడిరో లోకమునకు తెలియును. సంస్కర్తలు అంత శ్రమపడి సాధింపజూచిన ఆ హక్కు, మనము అనాగరికులని పిలిచిన జనులలో వాడుకగా నుండెను.

అటులని చెంచుల బ్రతుకు స్వర్గమని హైమన్‌డార్ఫ్ వ్రాయలేదు. ఆకలి, రోగములు, ఇప్పసారా, కలహములు అన్నింటిని ఆయన చూచెను. మైదానపు ఆచారములు వారిలో ప్రవేశించుటను సైతము గమనించెను. ఉన్నదానిని ఉన్నట్లు వ్రాయుటయే ఆయన వ్రతము.

మరియొక విషయము మిక్కిలి గమనింపదగినది. మన పల్లెలలో పెండ్లికూతురు అత్తవారింటికి పోవలెను. అల్లుడు మామగారింట నుండినచో ఇల్లరికపు అల్లుడని నవ్వుదురు. చెంచులలో ఆ నవ్వుబాటు లేదు. క్రొత్త దంపతులు వరుని పెంటలో నుండవచ్చును, వధువు పెంటలో నుండవచ్చును, కొంతకాలమిటు కొంతకాలమటు ఉండవచ్చును. దీనికి కారణము అడవిలో కలదు. ప్రతి పెంటకును దాని చుట్టు ఇంత అడవి యని హద్దు కలదు. తండ్రి తిరిగిన అడవిపై బిడ్డలకు హక్కు. పెండ్లివలన భార్య పుట్టినింటి అడవిలోను భర్తకు త్రోవ దొరకును. ఒకచోట గడ్డలు తరిగినపుడు మరియొకచోట బ్రతుకవచ్చును.

మన ఊళ్ళలో భూమి యెవరిదో తెలియవలెనన్న పహాణీ చూడవలెను, సేత్వారు చూడవలెను, నక్షా చూడవలెను. అడవిలో కాగితము లేదు. అయినను ఏ చెంచు ఏ చెలమవద్ద నీరు త్రాగవచ్చునో, ఏ గుట్టపై తేనె తీయవచ్చునో వారికి సందేహము లేదు. వాని తల్లి యెవరు, తండ్రి యెవరు, భార్య యే పెంట ఆడపడుచు అని విచారించిన చాలును. వావివరుసలే వారి దస్త్రము. పెండ్లి దానిలో ఒక దాఖలు. ఆ దస్త్రమును చదువనేర్చిన పరదేశి హైమన్‌డార్ఫ్. ఆయన చెంచులపై వ్రాసిన ఆంగ్లగ్రంథము 1943లో ప్రకటింపబడెను. హైదరాబాదు రాజ్యపు ఆదిమజాతులపై ఆయన వ్రాసిన గ్రంథమాలలో అది మొదటి సంపుటము.

విద్య బాధ్యతగా మారుట

చదివి తెలిసికొన్నవాడు మిన్నకుండరాదని ఆయన తలచెను. అడవి కాంట్రాక్టర్లు, అటవీశాఖ కట్టడులు, అప్పులిచ్చువారు, ఈ ముగ్గురి నడుమ చెంచు తన అడవిలో తానే పరాయివాడగుచున్నాడని ప్రభుత్వమునకు తెలియజేసెను. దాని ఫలితముగా పీఠభూమి పైభాగమున చెంచుల కొరకు ప్రత్యేక రక్షితప్రాంతము ఏర్పడెను. పిమ్మట గోదావరి తీరపు కొండరెడ్ల మధ్య నివసించి, వారిపై 1945లో గ్రంథము వెలువరించెను.

1940లో ఆదిలాబాదు జిల్లా జోడేఘాటులో కుమ్రం భీము తన జనుల భూమికై పోరాడి ప్రాణములు విడిచెను. ఆ తిరుగుబాటునకు మూలము తెలియక కలవరపడిన ప్రభుత్వమునకు అచ్చటి జనుల మాట వినదగిన మనిషి కావలసి వచ్చెను. హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయి గ్రామమున గుడిసె వేసికొని, గోండుల భాష నేర్చి, వారిలో నొకరైరి. గోండులలో నాలుగు దేవతల వారు, ఐదు దేవతల వారు, ఆరు దేవతల వారు, ఏడు దేవతల వారు అను నాలుగు పెద్దకుదుళ్ళు కలవు. ఒకే కుదురులో వియ్యము చెల్లదు. పూజయు, పెండ్లియు, చావుకర్మయు ఈ కుదుళ్ళను బట్టియే నడచును. గోండు కూలిపోవుట యనగా వట్టి పొలము పోవుట కాదనియు, ఒకచోట కలసి దేవతను కొలుచు బంధువర్గము చెల్లాచెదరగుట యనియు ఆయన గ్రహించెను. కావున ముందుగా భూమికి పట్టాలు, పిమ్మట బడి అని పట్టుబట్టెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణాలయము వెలసెను. గోండీ భాషలో వాచకములు తయారయ్యెను. నిజాము ప్రభుత్వపు సలహాదారుగా ఆయన చేసిన కృషికి తోడ్పాటుగా గిరిజన ప్రాంతముల రక్షణకు 1356 ఫసలీలో, మరల 1359 ఫసలీలో చట్టములు వెలువడెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆయన ఆచార్యుడుగా బోధించెను.

దేశదేశముల వివాహధర్మములు

1949 పిమ్మట ఆయన లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యాలయమున చేరి, 1951 నుండి 1976 వరకు ఆసియా మానవశాస్త్రాచార్యుడుగా నుండెను. 1953లో నేపాళమునకు పోయి హిమాలయములలోని షెర్పాలను పరిశోధించెను. అచ్చట అన్నదమ్ములిరువురు ఒకే స్త్రీని పెండ్లాడు ఆచారము కొన్ని ఇండ్లలో కలదు. పొలమును, ఇంటిని పంచుకొనకుండ కాపాడుకొనుటకు అది యొక మార్గము. మనకు ద్రౌపదీస్వయంవరము తెలిసినదే. ద్రుపదుడంతటివాడు ఆ మాట విని నివ్వెరపోగా వ్యాసమహర్షి వచ్చి సమాధానము చెప్పవలసి వచ్చెను. హైమన్‌డార్ఫ్ అట్టి ఆచారమును చూచి నవ్వలేదు, మెచ్చలేదు. అది ఏ అవసరమునుండి పుట్టినదో, అందులో స్త్రీకి గల గౌరవమేమో, కలహము వచ్చినచో ఎట్లు తీర్చుకొందురో విచారించెను. వివిధజాతుల నీతినియమములను పోల్చుచు ఆయన 1967లో ఒక గ్రంథము వ్రాసెను. ఒక జాతి పాపమన్నది వేరొక జాతికి ధర్మము కావచ్చును. కాని ధర్మమే లేని జాతి ఆయనకు ఎచ్చటను కనబడలేదు.

ఉద్యోగవిరమణ పిమ్మట ఆయన భార్యతో కూడి మరల మన దేశమునకు వచ్చి, తాను యౌవనమున చూచిన గ్రామములను వృద్ధాప్యమున తిరిగి చూచెను. గోండుల చేతికి వచ్చిన భూములు అనేకచోట్ల తిరిగి బయటివారి పాలైనవని కని మిక్కిలి చింతించెను. చెంచుల పెంటలను కూడ మరల దర్శించెను. గిరిజనుల జీవనపోరాటమును గూర్చిన ఆయన గ్రంథము 1982లో వెలువడెను. తాను చేసిన మేలు నిలువలేదని దాచక వ్రాయుట ఆ గ్రంథమునకు గౌరవము.

అస్తమయము

బెట్టీ 1987 జనవరిలో హైదరాబాదున పరమపదించెను. ఆమె కోరిక ననుసరించి మార్లవాయిలో గోండుల నడుమ ఆమెను సమాధిచేసిరి. హైమన్‌డార్ఫ్ 1995లో లండనులో కన్నుమూసెను. 2012లో ఆయన చితాభస్మమును కుమారుడు మార్లవాయికి తెచ్చి, బెట్టీ సమాధి చెంతనే నిక్షేపము చేయించెను. అచ్చట ప్రతి సంవత్సరము జనవరిలో గోండులు వారి వర్ధంతిని జరుపుదురు. వర్ధంతి జరుపువారు బంధువులే కదా.

ఆయన చరిత్ర మనకు నేర్పునది పురాతనపు ముచ్చట కాదు. 2006లో వెలువడిన అటవీహక్కుల చట్టము, తరతరములుగా అడవిలో నున్నవారి హక్కును అంగీకరించినది. కాగితములేని వారికి ఆ చట్టపు నిబంధనలలో పెద్దల వాఙ్మూలము, వంశక్రమము, ఆచారములపై జరిగిన పరిశోధనలు సాక్ష్యములుగా చెల్లును. అనగా హైమన్‌డార్ఫ్ 1940లో చదివిన దస్త్రము నేడు ప్రభుత్వపు ఎదుట నిలువదగిన దస్త్రము. ఇంకొకవంక పులుల రక్షితారణ్యము నుండి పెంటలను తరలించు మాటలు వినవచ్చుచున్నవి. అడవినుండి పెంటను పెకలించినచో పోవునది గుడిసె మాత్రమే కాదు. ఏ గుట్ట తనదో, ఏ పెంట తన అత్తవారిదో, కష్టకాలమున ఎచ్చటికి పోవలెనో తెలుపు వరుస కూడ దానితో పోవును. భర్త యింట పొసగని స్త్రీ మరల వచ్చి బ్రతుకుటకు పుట్టినింటి అడవి యుండదు. ఆమె స్వేచ్ఛకు ఆధారము ఆ అడవియే.

కావున నల్లమల నుండి తేనె, సారపప్పు తెచ్చి మన సంతలో నిలుచు చెంచు దంపతులను చూచినపుడు, వారు మనకంటె తక్కువ నియమముగల వారని తలపరాదు. వారును మేనమామను మామ యనియే పిలుతురు, మరదలిని మరదలనియే పిలుతురు. మన వరుసయు వారి వరుసయు ఒక్కటే. వియన్నా నుండి వచ్చినవాడు గుర్తించిన ఈ సత్యమును, గుట్ట దిగువనే యున్న మనము గుర్తించుట న్యాయము.